షరతులు పీకే మాస్టారు

ఆయన నిద్రలో పోయాడని వాళ్ళ తమ్ముడు ఫోను చేసి చెప్పినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది. చేతికి అందినదల్లా విసిరికొట్టిన మనిషి రేపల్లెలో తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, ఎవరికీ చెప్పాపెట్టకుండా అంత మెత్తగా వెళ్ళిపోవడమేమిటి? కనీసం పక్కనున్న మంచినీళ్ళ గ్లాసైనా బద్దలుకొట్టి పోవలసింది.

తర్వాతి వారం తెనాలిలో, ఆయన పాఠాలు చెప్పిన కాలేజీలోనే సంతాప సభ పెట్టారు. నేను బాపట్ల నుంచి వెళ్ళాను. అక్కడ డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఒకప్పుడు ఈయన దగ్గర రీసెర్చి చేశాను. ఆయనకి దొరికిన ఒకే ఒక్క రీసెర్చి స్టూడెంటుని నేనే. ఇంకెవరూ ధైర్యం చెయ్యలేదు. స్టేజీ మీదకి ఎవరు ఎక్కినా ఒకటే మాట. "పైకి కఠినంగా కనబడేవారు గానీ, మనసు మాత్రం వెన్నండి." వినీ వినీ నాకు తల తిరిగింది. చివర్లో నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. "గొంతు బాలేదండి" అని తప్పుకున్నాను. గొంతు బాగానే ఉంది. మైకు చేతికొస్తే ఏం మాట్లాడతానో తెలుసు కాబట్టి తప్పుకున్నాను.

ఆయన మనసు వెన్న కాదు. లోపల ఏముందో పైన కూడా అదే ఉండేది. కొట్టేవాడు. నన్నూ కొట్టాడు. ఆ మాట దాచి ఆయన్ని పొగిడితే ఆయనకే నచ్చదు. సభలో అనలేకపోయిన మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

పెద్ద ఆకారమేమీ కాదు. నా భుజం దాకా వచ్చేవాడు. కుడిచెయ్యి మాత్రం మిగతా మనిషితో సంబంధం లేనట్టు పెద్దగా, మొరటుగా ఉండేది. వేళ్ళ కణుపులు ఎప్పుడో గోడని గుద్దితే విరిగి, వంకరగా అతుక్కున్నాయి. అందువల్ల చాక్‌పీసుని అందరిలా వేళ్ళ కొసలతో కాకుండా, పారకర్ర పట్టినట్టు పిడికిట్లో బిగించి రాసేవాడు. రాస్తుంటే బోర్డు ఊగేది. పీరియడు అయ్యేసరికి చొక్కా ముందంతా సుద్ద, నేల మీద విరిగిన ముక్కలు.

ఆయన క్లాసులో 'క్లియర్లీ' అన్న మాట పలకడానికి వీల్లేదు. పుస్తకంలో ఉన్నా సరే, చదివేటప్పుడు దాన్ని దాటెయ్యాలి. ఎవరైనా పొరపాటున అన్నారో, చెక్క డస్టరు గాల్లో వచ్చేది.

"ఎవడికి క్లియరు? నీకా? నాకు కాలేదే. రా, ఎక్కి చూపించు."

సిద్ధాంతం చెప్పిన ప్రతిసారీ ఆయన చేసే పని ఒకటుంది. దాని షరతులన్నీ బోర్డు మీద వరసగా రాసి, ఒక్కొక్కటే కొట్టేసేవాడు. ఈ షరతు తీసేశాను, ఇప్పుడు సిద్ధాంతం నిలబడుతుందా, పడిపోతుందా? పడిపోతుందంటే ఒక ఉదాహరణతో పడగొట్టి చూపించాలి. నిలబడుతుందంటే ఆ షరతు అక్కడ ఎందుకు తగలడిందో చెప్పాలి. "ఇంట్లో ఉంటున్నావు, ఏ స్తంభం మోస్తోందో తెలియొద్దా? ఒక్కోటే పీకు. ఏది పీకితే కప్పు నీ నెత్తిన పడుతుందో అదీ షరతంటే" అనేవాడు. మేము వెనక ఆయనకి షరతులు పీకే మాస్టారని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఆయన చెవిన పడింది. కోప్పడకుండా మీసం దువ్వుకున్నాడు.

ఒకసారి పరీక్షలో చీటీ పెట్టి రాస్తున్న ఒక పెద్దింటి కుర్రాణ్ణి కాలరు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాడు. సాయంత్రం స్టేషను దగ్గర ఆ కుర్రాడి తరఫు వాళ్ళు కాపు కాసి చావగొట్టారు. ఈయన టిఫిన్ క్యారేజీతో తిరిగి కొట్టాడట, ఒకడి బుర్ర పగిలిందట. మర్నాడు ఒక పన్ను తక్కువతో క్లాసుకొచ్చి, నోట్లోంచి గాలి పోతుంటే కాంపాక్ట్ సెట్లు చెప్పాడు. ఈ కథ సంతాప సభలో చెప్పారు, చప్పట్లు కొట్టారు.

రెండో కథ ఎవరూ చెప్పలేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారనుకుని ఒకణ్ణి లేపి చెవి మీద కొట్టాడు. ఆ పిల్లాడు నవ్వలేదు, దగ్గాడు. చెవిలోంచి నెత్తురు కారింది. వాడు మళ్ళీ కాలేజీకి రాలేదు. ఆయన భార్య పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదన్న సంగతి కూడా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకు రాలేదో ఎవరూ అడగరు, అడగక్కర్లేదు.

అలాంటి మనిషి దగ్గర ఎందుకు చేరావని నన్ను అడుగుతారు. మా నాన్నా అడిగాడు. మా ఇల్లు అంగలకుదురు, నాన్నకి తెనాలిలో టైలరింగ్ షాపు. నేను చెప్పిన జవాబు నాన్నకి నచ్చలేదు గానీ, నా దగ్గర ఇంకో జవాబు లేదు. ఆయన బోర్డు దగ్గర నిలబడి చెబుతున్నంతసేపు నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. అలా చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల మరొకరు లేరు.

ఆయన పట్టుకున్న విషయం చెప్పాలి. అదేమంత అర్థంకానిది కాదు. మామూలు ఫంక్షనుకి ఒక బిందువుని ఇస్తే ఇంకో బిందువుని ఇస్తుంది. 'నువ్వు ఇక్కడున్నావు, అక్కడికి పో' అంటుంది. ఆయనవి సెట్-వేల్యూడ్ మ్యాపింగులు. వీటికి ఒక బిందువుని ఇస్తే చేతిలో ఒక గుంపు పెడతాయి. 'నువ్వు ఇక్కడున్నావు, ఇదిగో ఈ చోట్లలో ఎక్కడికైనా పో' అంటాయి. ఆ చోట్లలో నువ్విప్పుడు నిలబడ్డ చోటు కూడా ఉందనుకోండి, ఇక కదలాల్సిన పని లేదు. దాన్నే ఫిక్స్‌డ్ పాయింట్ అంటారు, స్థిర బిందువు. అలాంటి చోటు ఒకటి ఉండి తీరుతుందని నిరూపించడమే మా పని. ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

ఇది నాకు బుర్రకెక్కింది క్లాసులో కాదు, కాలవ గట్టు మీద. ఆయన ఉద్యోగం తెనాలిలో, ఉండేది రేపల్లెలో అయినా, పొలం మాత్రం సొంతూరు సంగం జాగర్లమూడిలో తమ్ముడి పొలం పక్కన ఉంది. ఒక ఆదివారం థీసిస్ చాప్టరు పట్టుకుని అక్కడికి రమ్మన్నాడు. కాలవకి వంతులవారీగా నీళ్ళు వదులుతున్న రోజులు. గట్టు మీద నడుస్తుంటే ముందు అరుపులు వినిపించాయి. తూము దగ్గర ఇద్దరు మనుషులు బురదలో దొర్లుతున్నారు. కాసేపటికి ఒకడు పైకొచ్చి రెండోవాడి గొంతు మీద మోకాలు పెట్టాడు. పైనున్నది మా సారని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. కిందనున్న తమ్ముడి పార అంచు తగిలి సార్ నుదురు చీలి, ముఖమంతా నెత్తురు.

పొలాల్లో పని చేసుకుంటున్న వాళ్ళు పరిగెత్తుకొచ్చి లాగారు. లాగకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. తమ్ముడి మొహం అప్పటికే నల్లబడింది. సార్ గట్టు మీద కూలబడి, తువ్వాలు నుదుటికి అదుముకుని నావైపు చూశాడు.

"వచ్చావా అమ్మాయ్. చాప్టరు తెచ్చావా?"

నా జవాబు కోసం ఆగకుండా మొదలుపెట్టాడు. "నీ చాప్టరుకి ఉదాహరణ కావాలన్నావుగా, చూడు. వారంలో నీళ్ళొచ్చే గంటలు ఇన్నని ఉన్నాయి. నాకు కొన్ని, వీడికి కొన్ని. ఏదో ఒక పంపకం అనుకో. అక్కణ్ణించి మేమిద్దరం ఏ ఏ పంపకాలకి సరేనంటామో అదంతా ఒక సెట్టు. ఆ సెట్టులో మొదట అనుకున్న పంపకమే ఉందనుకో, ఇంక కొట్టుకోవాల్సిన పనేముంది?"

"మరి ఎందుకు కొట్టుకుంటున్నారండి?"

"వీడి సెట్టు కాన్వెక్స్ కాదమ్మా. కాన్వెక్స్ అంటే ఏంటి? రెండిటికి ఒప్పుకున్నవాడు ఆ రెండిటి మధ్యలో ఉన్నదానిక్కూడా ఒప్పుకోవాలి. వీడు నీళ్ళన్నీ ఇస్తే సరేనంటాడు. చుక్క ఇవ్వకపోతే ఖర్మ అని కూచుంటాడు. సగం ఇస్తానంటే పార ఎత్తుతాడు. కాన్వెక్స్ కాకపోతే సిద్ధాంతం పనిచెయ్యదు."

ఇవతల తమ్ముడు బురద ఉమ్ముకుంటూ నావైపు తిరిగాడు. "అన్నయ్య లెక్క ఎప్పుడూ బానే ఉంటదమ్మా. సగం ఇస్తా రమ్మని పిలిచి గొంతు మీద మోకాలెట్టింది ఎవరో, అది కూడా ఆ లెక్కలో రాసుకో."

నవ్వొచ్చింది. తమ్ముడి మెడ మీద ఎర్రగా తేలిన మచ్చ చూసేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ రోజు చాప్టరు మీద తువ్వాల్లోంచి కారిన నెత్తురు చుక్కలు పడ్డాయి, ఇంటికెళ్ళి మళ్ళీ రాసుకున్నాను.

కాన్వెక్స్ గురించి ఆయనకి ఒక పట్టుదల ఉంది. ఈ స్థిర బిందువు సిద్ధాంతం కొన్ని స్పేసుల్లో, అంటే ఈ బిందువులన్నీ కాపురముండే చోట్లలో, ఎప్పుడో రుజువైంది. వాటిని లోకల్లీ కాన్వెక్స్ స్పేసులంటారు. అక్కడ ఒక మంచి గుణం ఉంటుంది. నీ చుట్టుపక్కల వాళ్ళందరినీ కలిపి సగటు తీస్తే, ఆ సగటు కూడా నీ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ గుణం లేని టోపాలజికల్ వెక్టార్ స్పేసులు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కరూ నీకు దగ్గరే, సగటు మాత్రం ఎక్కడో దూరాన పోయి పడుతుంది. ఈయన అన్నదేమిటంటే, సెట్టు కాన్వెక్స్ అయితే చాలు, స్పేసుకి ఆ షరతు పీకేసినా ఇల్లు నిలబడుతుందని. పుష్కరకాలం దాని మీదే కూచున్నాడు. నేను చేరేనాటికి రుజువు దొరికిందన్నాడు. దానికి ముందు ఒక లెమ్మా, అంటే సిద్ధాంతానికి ఎక్కే మెట్టు లాంటి చిన్న ఫలితం. నా థీసిస్ మొత్తం ఆ లెమ్మా మీద కట్టిందే.

తప్పు ఆ లెమ్మాలోనే ఉంది.

బాపట్లలో ఒక సెమినారు పెట్టారు. అక్కడ ఆయన ఆ సిద్ధాంతాన్ని అందరి ముందూ చెప్పాలి. ఆ వారంలోనే నేను ఒక ఉదాహరణ వెతుక్కుంటున్నాను. ఆ మంచి గుణం లేని స్పేసు ఒకటి తీసుకుని, అందులో మా లెమ్మా ఎంత బాగా పనిచేస్తుందో చూపించి చాప్టరు ముగిద్దామని. పనిచెయ్యలేదు. రెండు రోజులు నా లెక్కే తప్పనుకున్నాను. తర్వాత తెలిసింది. సున్నాకి దగ్గరి బిందువులన్నీ కలిపి చుట్టూ చిన్న పొరుగు తీసుకుందాం అని ఆయన ఎప్పుడు బోర్డెక్కినా, ఒక గుడ్డు ఆకారం గీస్తాడు. నేనూ అదే గీస్తాను. మా సబ్జెక్టులో అందరి చెయ్యీ అలాగే పోతుంది. గుడ్డు కాన్వెక్స్. అందులో రెండు బిందువులు పెట్టి మధ్య గీత గీస్తే గీత లోపలే ఉంటుంది, బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది. కాన్వెక్స్ అక్కర్లేదని తానే చాటిన చోట ఆయన కాన్వెక్స్ బొమ్మ గీసి, దాన్ని చూసి ముందుకి నడిచాడు. లోకంలో ఉన్న షరతులన్నీ పీకిన మనిషి తన గుడ్డు జోలికి మాత్రం పోలేదు.

కాలేజీలో చెబితే నలుగురూ వింటారని సాయంత్రం ఆయనతో పాటు రేపల్లె పాసింజరు ఎక్కాను. ఆయన కిటికీ పక్కన, నేను ఎదురుగా.

"సార్, లెమ్మాలో ఒకచోట అనుమానంగా ఉందండి."

"అనుమానం నీ తెలివి మీద పెట్టుకో. లెమ్మా మీద కాదు."

"ఉదాహరణ దొరికిందండి."

మా పనిలో ఉదాహరణ దొరికిందంటే ఇక వాదన లేదు. ఆయన కిటికీలోంచి తల తిప్పాడు. నేను కాయితం ఒళ్ళో పెట్టి చూపించాను. చదివాడు. ఆయన కళ్ళు గుడ్డు మీద ఆగిపోయాయి. ఆయనకి అర్థమైంది. అర్థమైన తర్వాతే కొట్టాడు, ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను.

నా కళ్ళజోడు ఎగిరిపోయింది. తల కిటికీ ఊచకి కొట్టుకుంది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. ఒక చెవిలో హోరు మొదలైంది. పక్కన చేపల గంప పెట్టుకున్న ఆవిడ లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"ఏం మనిషివయ్యా నువ్వు? ఎదిగిన కూతుర్ని రైల్లో కొడతావా?"

"కూతుర్ని కాదండి" అన్నాను నేను. "స్టూడెంటుని."

"అయితే ఇంకా తప్పు" అందావిడ, చొక్కా వదలకుండా.

ఆయన కాయితం వైపే చూస్తున్నాడు. నేను వేమూరులో దిగిపోయాను. తిరుగు బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూచుని ఏడ్చాను. నొప్పికి కాదు, అసహ్యానికి. అంతగా ఒక మనిషిని అంతకుముందు అసహ్యించుకోలేదు, తర్వాతా అసహ్యించుకోలేదు.

ఇంటికి చేరేసరికి నా ముఖం చూసి నాన్న కత్తిరిస్తున్న గుడ్డ వదిలేశాడు, కత్తెర మాత్రం వదల్లేదు. దాంతోనే గుమ్మం దాటబోయాడు. అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. సార్ మీద జాలితో కాదు, నాన్న జైలుకి పోతాడని.

"తప్పు పట్టుకున్నావా?" అన్నాడు నాన్న, ఊపిరి ఎగపోసుకుంటూ.

"పట్టుకున్నాను."

"మరి కొట్టడం దేనికి?"

"పట్టుకున్నందుకే."

నాన్నకి ఆ లెక్క అర్థం కాలేదు. నాకూ కాలేదు.

బాపట్ల సెమినారుకి వెళ్ళాను. చున్నీ చెంప మీదకి లాక్కుని వెనక వరసలో కూచున్నాను. ఏం జరగాలో నాకు తెలియకపోలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళెవరూ ఆ తప్పు పట్టలేరు. ఆయన గుడ్డు గీసి ముందుకి పోతే సిద్ధాంతం చెల్లుతుంది, నా థీసిస్ బతుకుతుంది. ఆగితే ఆయన పుష్కరమూ పోతుంది, నా నాలుగేళ్ళూ పోతాయి. ఆయన చాక్‌పీసు పిడికిట్లో పట్టుకుని రాసుకుంటూ వచ్చాడు. సున్నా రాశాడు. చుట్టూ గుడ్డు గీశాడు. పోనివ్వండి సార్ అనుకున్నాను లోపల.

ఆగాడు.

"ఇక్కడ నేనెప్పుడూ గుడ్డు గీస్తాను. ఇది గుడ్డు కాదు. లెమ్మా తప్పు. లెమ్మా లేకపోతే సిద్ధాంతం లేదు" అన్నాడు. "పట్టుకుంది నేను కాదు, నా స్టూడెంటు. అదుగో, వెనక కూచుంది. పట్టుకున్నందుకు మొన్న రైల్లో కొట్టాను."

హాలంతా నావైపు తిరిగింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆ చివరి మాటని ఆయన బాధపడుతూ ఏమీ అనలేదు. లెమ్మా తప్పు అన్న గొంతుతోనే అన్నాడు.

అధ్యక్షుడిగా కూచున్న ప్రొఫెసరుగారు పెద్ద వయసువారు, సౌమ్యులు. ఆయన లేచి వచ్చి సార్ భుజం మీద చెయ్యి వేశారు. "కంగారు పడకండి. చిన్న గ్యాపేనండి. లోకల్లీ కాన్వెక్స్ అని ఒక్క మాట చేర్చుకోండి, అన్నీ నిలబడతాయి. పేపరు వేసుకోవచ్చు. అమ్మాయి థీసిస్ కూడా పోదు."

ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఆ మాట చేరిస్తే అన్నీ నిజంగానే నిలబడతాయి. కాకపోతే అప్పుడది మా సిద్ధాంతం కాదు, ఎప్పుడో రుజువైపోయిన పాతది.

"దొంగతనం చెయ్యమంటావా?" అన్నాడు సార్. అంటూనే పిడికిలి విసిరాడు.

పెద్దాయన బల్ల మీద వెనక్కి పడ్డారు. పెదవి తెగి తెల్ల చొక్కా ఎర్రబడింది. మైకు కింద పడి కీచుమంది. నలుగురైదుగురు లేచి సార్ మీద పడ్డారు. ఎవరో కుర్చీతో వీపు మీద కొట్టారు, ఎవరో చెయ్యి వెనక్కి విరిచారు. అంతమంది కింద నలుగుతూ కూడా ఆయన అరుస్తున్నాడు. "బోర్డు తుడవద్దు. దాని కింద తప్పు అని రాయనివ్వండి. రాశాక కొట్టండి." ఎవరూ రాయనివ్వలేదు. నేనే లేచి వెళ్ళి రాశాను. అక్షరాలు వంకరపోయాయి.

ఆయన్ని ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. ప్రొఫెసరుగారు కేసు పెట్టలేదు. కుట్లు విప్పించుకున్నాక నన్ను పిలిపించి, "మీ సార్ దెబ్బకి నాకొక స్టూడెంటు దొరికిందమ్మా" అన్నారు. ఆయన దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టి, లోకల్లీ కాన్వెక్స్ అన్న మాటని ప్రతి పేజీలోనూ చేర్చుకుని, ఎవరినీ కొట్టని థీసిస్ ఒకటి రాశాను. ఉద్యోగం వచ్చింది. సార్‌ని కలవలేదు. కలవాలనుకోలేదు. చెవిలో హోరు మాత్రం జలుబు చేసినప్పుడల్లా పలకరించేది.

చాలా ఏళ్ళ తర్వాత, ఒక సెలవురోజు మధ్యాహ్నం, నేను పేపర్లు దిద్దుకుంటుంటే బాపట్ల కాలేజీకి వచ్చాడు. రేపల్లె నుంచి బస్సులో. జుట్టంతా తెల్లబడింది, మనిషి ఇంకా కుదించుకుపోయాడు, ఆ చెయ్యి మాత్రం అంతే ఉంది. నేను లేచి నిలబడ్డాను. మర్యాదకో, భయానికో నాకే తెలియదు.

"కొట్టినందుకు క్షమించమని అడగడానికి రాలేదు" అన్నాడు. "అడిగితే క్షమిస్తావేమో. క్షమించినవాళ్ళు తప్పులు వెతకరు. నీకు నా మీద కోపం ఉందా?"

"ఉందండి."

"తగ్గిందా?"

"తగ్గలేదండి."

"అయితే నువ్వే చూడాలి. బోర్డున్న గది చూపించు."

ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళాను. బోర్డంతా నింపాడు. అదే సిద్ధాంతం, ఆ షరతు లేకుండానే. ఈసారి గుడ్డు గీయలేదు. పొరుగు గీయాల్సిన చోట ఉద్దేశపూర్వకంగా వంకరటింకర ఆకారం గీశాడు. రాయడం అయ్యాక మొదటి బెంచీలో కూచుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి నొక్కాడు.

"చదువు. చేతులు ఇక్కడే ఉంటాయి. తప్పుంటే చెప్పు. నాకింక ఇంకో పుష్కరం లేదు, అది గుర్తు పెట్టుకుని మాత్రం చదవకు."

చదివాను. ఒక్కో లైనూ పట్టుకుని పీకి చూశాను. నిలబడుతోంది. ఇంకోటి, అదీ నిలబడుతోంది. చదువుతున్నకొద్దీ అది నిజం కావాలని నేను ఎంతగా కోరుకున్నానో చెబితే మా నాన్న నమ్మడు. ఆ మనిషి గెలవాలని, ఒక్కసారి గెలిచి తిరుగు బస్సెక్కాలని కోరుకున్నాను. బోర్డు కుడివైపు కిందికి వచ్చేసరికి ఆగిపోయాను. దగ్గర బిందువులు కొన్ని తీసుకుని సగటు తీశాడు. ఆ సగటు దగ్గరే ఉంటుందని ఎక్కడా అనలేదు, కానీ తర్వాతి లైను ఆ నమ్మకం మీదే నడిచింది. మళ్ళీ చదివాను. అదే రోగం.

వెనక్కి తిరిగితే ఆయన నా ముఖమే చూస్తున్నాడు. బాగుంది సార్ అని ఒక్క మాట అంటే చాలు. ఈ వయసులో ఇంకెవరికి చూపిస్తాడు, ఎవరు చదువుతారు? మిగిలిన నాలుగు రోజులూ సంతోషంగా బతుకుతాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"తప్పుందండి" అన్నాను.

తొడ కింద నుంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది.

అది ఎందుకు వచ్చిందో నేను ఆగి చూడలేదు. ముందు నేనే కొట్టాను. బలంగానే కొట్టాను. ఆయన తల పక్కకి తిరిగిపోయింది, కళ్ళజోడు బెంచీ కింద పడింది, ఆ చప్పుడు ఖాళీ గదిలో పెద్దగా వినిపించింది. డెబ్భై దాటిన మనిషిని కొట్టాను. సిగ్గు పడలేదు, ఇప్పుడూ పడటం లేదు. అరచెయ్యి మండుతుంటే అలాగే నిలబడ్డాను, తిరిగి వచ్చే దెబ్బ కోసం.

ఆయన నెమ్మదిగా వంగి కళ్ళజోడు వెతుక్కున్నాడు. తుడుచుకుని పెట్టుకున్నాడు. చెంప మీద నా వేళ్ళు తేలుతున్నాయి.

"ఏ లైనమ్మా?" అన్నాడు.

వెళ్ళి చూపించాను. చాలాసేపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి, లోపల లెక్క చేసుకుంటున్నట్టుంది. "కరెక్టే" అన్నాడు చివరికి. ఆ తర్వాత చేతులు రెండూ మళ్ళీ తొడల కింద పెట్టుకుని, "మిగతాది కూడా చూడు" అన్నాడు.